ఎర పంపు

నిద్రలోనే తెలిసింది, ఇంట్లో ఏదో ఒక చప్పుడు తగ్గిందని.
బయట బెల్‌గ్రేవ్ కొండంతా గాలి ఊళ పెడుతోంది,
ఎక్కడో పెద్ద చెట్టు తీగల మీద పడింది.
అంత హోరులోనూ
వారం రోజులుగా నా నిద్రకి అలవాటైన
ఫిల్టరు గొణుగుడు లేదు.

ఆ తొట్టి నాది కాదు. మూడో తరగతి వాళ్లది.
చలికాలం సెలవులు రెండు వారాలు, ఎవరింట్లో ఉంచుదాం అని
మిస్ కల్లహాన్ అడిగినప్పుడు
స్టాఫ్ రూములో అందరూ ఎవరి కప్పులోకి వాళ్లు చూసుకున్నారు.
సింకు దగ్గర నురగ చేతులతో నేను
సరే అనేశాను.
అరవై లీటర్లు, పదకొండు చేపలు,
ఇరవై మూడు మంది యజమానులు.
అద్దానికి అతికించిన కాగితం మీద
క్రేయాన్లతో పేర్లు: బిస్కెట్, మిసెస్ స్పూన్,
సర్ నైజెల్. ఆయనకి కిరీటం కూడా గీశారు.

ఫోన్ వెలుగులో చూస్తే
పదకొండు మూతులూ నీటి పైపొరకి ఆనించి ఉన్నాయి,
కిటికీ సీటు కోసం తోసుకుంటున్నట్టు.

చెంబు తెచ్చాను.
ముంచి, జానెడెత్తు నుంచి వంచి,
మళ్లీ ముంచి, మళ్లీ వంచి,
కాఫీ తిరగబోసినట్టు
తెల్లవార్లూ నీళ్లని తిరగబోశాను.
పాతికకో ముప్పైకో లెక్క తప్పేది.
చెయ్యి మార్చుకునేదాన్ని.

గ్యాసు పొయ్యి వెలుగుతోంది, అదొక్కటే అదృష్టం.
ఆవకాయ సీసాలు కడిగి వేడినీళ్లు పోసి తొట్టిలో తేలేశాను.
ఎంత కడిగినా మూతకి ఇంగువ వాసన పోలేదు,
చేపలు ఏమీ అనలేదు.
ఉన్న ఒక్క బొంతా తొట్టికి చుట్టి
నేను వానకోటు వేసుకుని కూర్చున్నాను.

మేత వెయ్యొద్దని చీటీలో ఉంది.
ఆకలితో వారం బతుకుతాయి,
మురికితో పూట బతకవు.
ఫిల్టరులోని స్పాంజి తీసి తొట్టిలోనే వదలాలట,
కంటికి కనబడని కాపురాలేవో అందులో ఉంటాయట,
అవి పోతే ఇవీ పోతాయట.
ఆ మడ్డి స్పాంజిని
పురిటి బిడ్డని దించినట్టు దించాను.

కరెంటు వాళ్ల మెసేజ్: డెబ్బై రెండు గంటలు పట్టవచ్చు.
తర్వాత ఫోను కూడా కళ్లు మూసింది.

పొద్దున్న పక్కింటి లెస్ ట్రెంబాత్
దారికడ్డం పడ్డ కొమ్మలు రంపంతో కోసి
రబ్బరు బూట్లతోనే లోపలికొచ్చాడు.
నా చేతిలో చెంబు చూశాడు, తొట్టి చూశాడు,
మాట్లాడకుండా వెళ్లిపోయాడు.
తిరిగొచ్చేసరికి చేతిలో
బ్యాటరీలతో నడిచే బుల్లి పంపు,
అంచులకి తుప్పు, ఒంటినిండా రొయ్యల నీచు.
"ఎర చేపల కోసం" అన్నాడు.
"గేలానికి గుచ్చేదాకా బతికుండాలి కదా."

గొట్టం చివర మొదటి బుడగ లేచింది.
దాని వెనక ఇంకోటి.
బిస్కెట్ కిందికి దిగింది. తర్వాత మిసెస్ స్పూన్.
నేను అక్కడే, సోఫాకీ తొట్టికీ మధ్య నేల మీద
కోటుతోనే పడి నిద్రపోయాను.

మూడో రోజు సాయంత్రం ఫ్రిజ్జు ఒక్కసారి దగ్గి లేచింది.
దీపం వెలిగాక లెక్కపెడితే పది.
మళ్లీ లెక్కపెట్టాను, పదే.
సర్ నైజెల్ ప్లాస్టిక్ కోట వెనక
పక్కకి ఒరిగి ఉన్నాడు.
రోజ్‌మేరీ కుండీలో చెంచాతో గొయ్యి తీశాను.
అచ్చం అలాంటిదే బజార్లో నాలుగు డాలర్లు.
కిరీటం గీసిన పిల్ల పేరు ఇండిగో.
ఆ పిల్ల దేన్నైనా దగ్గరగా, చాలాసేపు చూస్తుంది.

పంపు తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి తిరిగిచ్చాను.

ఆదివారం పొద్దు వాలాక తలుపు తట్టి
న్యూస్‌పేపర్లో చుట్టిన ఫ్లాట్‌హెడ్ ఒకటి
నా చేతిలో పెట్టాడు లెస్, ఇంకా చల్లగా ఉంది.
అదే పంపు వాడావా అని నేను అడగలేదు.

చింతపండు నానేసి
ఉల్లిపాయలు వేగుతుండగా హాల్లోకి వెళ్లి
తొట్టి మీద మళ్లీ బొంత కప్పాను.
పులుసు కుతకుతలాడుతోంది.
గరిట అంచున ఉప్పు చూస్తుంటే
బొంత కింద ఫిల్టరు
తనలో తాను ఏదో గొణుక్కుంటోంది.